పాత పేటకి రంగులెయ్యాలనుకుంటున్నారా? ముందు నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో చూడండి

ప్రశ్న: నేను రెండేళ్ళ క్రితం మా ఊళ్ళోని పాత పేటకి అద్దెకి వచ్చానండి. నూరేళ్ళు దాటిన ఇళ్ళు, ఇటుక గోడలు, చెక్క తలుపులు, నాకు చాలా ఇష్టం. కానీ గోడల మీద పోస్టర్లు, పిచ్చి రాతలు, మూలమూలనా చెత్త, పెచ్చులూడిపోతున్న గోడలు చూస్తుంటే బాధేస్తుంది. ఆఫీసు ఫ్రెండ్సు, పక్కిళ్ళవాళ్ళు కలిపి ఓ పాతికమందిమి వలంటీర్ గ్రూపు పెట్టుకున్నాం. మొదటి ఆదివారం అందరూ వచ్చారు, మూడో ఆదివారానికి ఆరుగురం మిగిలాం. వీధి పొడుగునా గోడలకి మంచి రంగులేసి బొమ్మలు గీద్దామని మా ప్లాన్. ఈలోపు ఒక పెద్దాయన అందరి ముందూ "మా పేటని బాగుచెయ్యడానికి మీరెవరు" అనేశారు. ఏడుపొచ్చినంత పనైంది. నేను చేస్తున్నది తప్పా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మీరు చేస్తున్నది తప్పు కాదు, ఒక వీధిని చూసి బాధపడి ఊరుకోకుండా నలుగుర్ని పోగెయ్యడం చిన్న విషయమేం కాదు. కానీ ఒక్కటి మాత్రం వెంటనే చెప్పాలి, ఆ రంగుల ప్లాన్ ప్రస్తుతానికి ఆపండి. పూర్తిగా మానెయ్యమనట్లేదు, ఆపండి అంటున్నానంతే. పాత ఇళ్ళ దగ్గర రంగు అనేది చివరాఖరి పని, మనమేమో ఎప్పుడూ దాన్నే మొదటి పని చేసేస్తాం, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది, ఫొటోలో బాగా వస్తుంది, ఒక్క ఆదివారంలో అయిపోతుంది.

నేనెందుకింత గట్టిగా చెప్తున్నానంటే మేమూ ఒకప్పుడు అదే పని చేశాం. ఒక పాత ఇటుక గోడ, ఇటుకల మధ్య సున్నం రాలిపోయి సందులు పడ్డాయి, చూడ్డానికి బాగాలేదని మేమే చందాలేసుకుని సిమెంటు తెచ్చి ఆ సందులన్నీ నింపి, పైన నున్నగా ప్లాస్టిక్ పెయింట్ వేసేశాం. ఆ రోజు ఎంత సంతోషపడ్డామో. రెండు వర్షాకాలాలు గడిచాయో లేదో పెయింటు బుడగలు బుడగలుగా లేచిపోయింది, దాని వెనక తెల్లగా ఉప్పు తేలింది, అన్నిటికన్నా దారుణం ఏంటంటే ఇటుకల ముఖాలే పొరలు పొరలుగా ఊడొచ్చేశాయి, సిమెంటు గీతలు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడ్డాయి. నూరేళ్ళు నిలబడ్డ ఇటుకని మేం రెండేళ్ళలో పాడుచేశామని తెలిసొచ్చినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. మీకు ఆ బాధ రాకూడదు.

అదెలా జరుగుతుందో తెలిస్తే మిగతావి మీకే అర్థమవుతాయి. ఇప్పుడు మనం వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంట్ వచ్చింది 1824లో, అది ఊరూరా మామూలైపోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది, అందుకే నూరేళ్ళు పైబడ్డ కట్టడాల్లో చాలావాటికి సున్నమే ప్రాణం. సున్నం మెత్తగా ఉంటుంది, గాలి ఆడనిస్తుంది. నేలలోంచో వర్షంలోంచో గోడలోకి నీళ్ళు ఎలాగూ వస్తాయి, పాత గోడ నీళ్ళు రాకుండా అడ్డుకునే రకం కాదు, వచ్చిన నీళ్ళని మళ్ళీ బయటికి ఆవిరిగా పంపించే రకం. ఆ ఆవిరి పోయే దారి ముఖ్యంగా ఆ సున్నం సందులే. వాటిని సిమెంటుతో బిగించేస్తే నీళ్ళు ఇటుకలోంచి పోవాలి, పోతూ పోతూ తనతో తెచ్చిన ఉప్పుని ఇటుక ముఖం వెనకాలే వదిలేస్తుంది, ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బినప్పుడు ఇటుక పెచ్చు లేచిపోతుంది. పైన ప్లాస్టిక్ పెయింట్ కూడా వేస్తే ఇంక ఆ నీళ్ళకి దారే ఉండదు. సున్నం రాలిపోవడం లోపం కాదండి, ఇటుక పాడవ్వకుండా సున్నం తను అరిగిపోతుంది, ఇన్నేళ్ళకోసారి మళ్ళీ సున్నమే నింపుకోవాలి, అదంతా సున్నం పని తెలిసిన మేస్త్రీ చెయ్యాల్సిన పని, వలంటీర్లం మనం చెయ్యాల్సింది కాదు.

శుభ్రం చెయ్యడంలో కూడా ఇదే జాగ్రత్త. యాసిడ్ పొయ్యొద్దు, సున్నపురాయి, పాలరాయి, గట్టిపడ్డ సున్నం అన్నీ ఒకే పదార్థం, యాసిడ్ తగిలితే కరిగిపోతాయి. ప్రెషర్ వాషర్ అద్దెకి తెద్దామని ఎవరో ఒకరు అంటారు, అది గోడలోపలికి నీళ్ళని తోసేస్తుంది, మిగిలిన సున్నాన్ని కడిగేస్తుంది. ఇసుకతో కొట్టి శుభ్రం చేసే మెషీన్ అయితే మరీ ఘోరం, బట్టీలో కాలినప్పుడు ఇటుకకి పైన గట్టి పొర ఏర్పడుతుంది కదా, అది ఒకసారి పోయిందంటే లోపలి మెత్తని భాగం వానకి ఎండకి దొరికిపోతుంది, ఆ పొరని మళ్ళీ ఎవరూ తేలేరు. ఇనప బ్రష్ వద్దు, విరిగిన ముక్కలు గోడలో ఉండిపోయి తుప్పు మరకలవుతాయి. మెత్తని బ్రష్, మంచినీళ్ళు, ఓపిక, ఇవి చాలు చాలావరకు. ఇంకేదైనా వాడాలంటే ఎవరికీ కనపడని మూల అరచేయంత మేర వేసి కొన్ని వారాలు ఆగి చూడండి.

ఇంకొకటి, ఇది ఆరోగ్యం సంగతి కాబట్టి దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పాత తలుపులకి కిటికీలకి ఉన్న పాత పెయింటు పొరల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. అమెరికాలోనే ఇళ్ళకి వేసే రంగుల్లో దాన్ని నిషేధించింది 1978లో, చాలా దేశాల్లో ఇంకా ఆలస్యంగా. దాన్ని పొడిగా సాండ్‌పేపర్‌తో రుద్దితే లేచే దుమ్ము పిల్లల మెదడుకి విషం, శరీరంలో సీసం ఎంత తక్కువున్నా హాని లేదనడానికి వీల్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అందుకని మీ వలంటీర్లలో ఎవరైనా ఉత్సాహంగా తలుపులు గీకడం మొదలుపెడితే ఆపండి, ముఖ్యంగా పిల్లల్ని ఆ దరిదాపుల్లో ఉంచొద్దు.

మరి చెయ్యడానికి ఏం మిగిలింది అంటారా, చాలా మిగిలింది, అసలు పనంతా మిగిలింది. నీళ్ళ సంగతి చూడండి. పాత ఇల్లు పడిపోయిందని మనం వింటుంటాం కానీ చాలావరకు దాని వెనక కథ చిన్నదే, పైన ఒక పెంకు జారింది, లేకపోతే కప్పు మీంచి నీళ్ళు దిగే గొట్టంలో ఆకులు అడ్డం పడ్డాయి, ఆ నీళ్ళు గోడలోకి దిగాయి, దూలం కొస నానింది, పుచ్చింది, కొన్నేళ్ళకి కప్పు కుంగింది. ఆ ఆకులు తీసిపారేస్తే ఐదు నిమిషాల పని. 1877లో ఇంగ్లండ్‌లో విలియం మోరిస్ అనే కవి, డిజైనర్, ఆయన మిత్రులు పాత కట్టడాల రక్షణకి సంఘం పెట్టినప్పుడు కూడా చెప్పిందదే, పాతదాన్ని ఊడబీకి కొత్తగా తీర్చిదిద్దడం మానండి, రోజువారీ జాగ్రత్తతో పాడవ్వకుండా చూసుకోండి, కారే కప్పుని బాగుచెయ్యండి అని. నెదర్లాండ్స్‌లో అయితే దీన్నే ఒక ఏర్పాటుగా చేసేశారు, 1973లో మొదలైంది, మోన్యుమెంటెన్‌వాఖ్ట్ అంటారు, ఇద్దరిద్దరు పనివాళ్ళు పనిముట్లు నిచ్చెనలు వేసుకుని వ్యాన్‌లో వచ్చి పాత ఇంటిని పైనుంచి కిందదాకా చూస్తారు, జారిన పెంకు సర్దడం, తూము శుభ్రం చెయ్యడం లాంటివి అక్కడికక్కడే చేసేస్తారు, పెద్దవైతే ఓనర్‌కి రిపోర్టు రాసిస్తారు, వాళ్ళు ఏ కాంట్రాక్టర్ తరఫు మనుషులూ కారు కాబట్టి ఆ రిపోర్టుని జనం నమ్ముతారు. నాకు ఈ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేను, పెద్ద ఆర్భాటం ఏమీ లేదు, ఏడాదికోసారి శ్రద్ధగా చూడ్డమే.

మీరు నిచ్చెనలెక్కి కప్పుల మీదకి పోవద్దు, అది అలవాటున్నవాళ్ళ పని, పాత కప్పు కాలేస్తే విరిగిపోవచ్చు. కానీ గట్టిగా వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని ఇద్దరు ముగ్గురు వీధి పొడుగునా నడవండి. ఎండ రోజు వంద ఫొటోలు తీసినా తెలియని సంగతి ఆ అరగంటలో తెలుస్తుంది, ఏ గొట్టం పగిలి గోడమీదకి చిమ్ముతోంది, ఏ తూము పూడింది, ఎక్కడ నీళ్ళు గోడ మొదట్లో నిలుస్తున్నాయి, అన్నీ ఫోన్‌లో ఫొటో తీసి ఇంటి నంబరేసి రాసుకోండి. వాన తగ్గాక ఆ ఇంటివాళ్ళకి చూపించండి, తప్పు పట్టినట్టు కాకుండా, "మీ గొట్టం ఇక్కడ కారుతోందండి, ఆకులు తీయించడానికి మనిషి కావాలంటే మేం కనుక్కుంటాం" అని. నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఒకే మనిషిని పిలిపించుకుంటే ఖర్చు కూడా కలిసొస్తుంది. గోడ పగుళ్ళలో మొలిచే మొక్కల్ని కూడా గుర్తుపెట్టుకోండి, రెండాకుల మొలకగా ఉన్నప్పుడైతే తీసెయ్యొచ్చు, వేరు లావెక్కాక మాత్రం లాగొద్దు, ఆ వేరే రాళ్ళని పట్టుకుని ఉంటుంది చాలాసార్లు, లాగితే గోడ కూడా వచ్చేస్తుంది.

మొక్కలు పెడదామనుకుంటే, అందరూ చేసే పొరపాటు గోడకి ఆనించి మట్టి పోసి పూలమడి కట్టడం. తడి మట్టి ఎప్పుడూ గోడని నానబెడుతూనే ఉంటుంది. కుండీలు పెట్టుకోండి, గోడకి జానెడు ఎడంగా. వీధిలో ఇప్పటికే ఉన్న పెద్ద చెట్లుంటే వాటిని చూసుకోవడం ఇంకా మంచిది, మొదలు చుట్టూ కాంక్రీటు బిగించేసి ఉంటుంది, మున్సిపాలిటీని అడిగి కాస్త మట్టి కనపడేలా తీయించండి, కొట్టిన మేకులు తీసేయండి. కొత్త మొక్క నాటడం ఒక రోజు పని, కానీ దానికి రెండు మూడేళ్ళు నీళ్ళు పొయ్యాలి, ఎవరు పోస్తారో పేరు ఖాయమయ్యాకే గొయ్యి తవ్వండి.

పోస్టర్లు, పిచ్చి రాతల విషయంలో తొందరగా తీసేస్తేనే సులువు, ఎండిపోయి గోడలోకి ఇంకాక తీయడం కష్టం, పోస్టర్లు గోరువెచ్చని నీళ్ళతో నానబెట్టి చెక్క ముక్కతో లాగండి. ఇక్కడొక చిన్న మాట, గోడ మీద వెలిసిపోయిన పాత దుకాణం పేరో ఎప్పటిదో చేతిరాత ప్రకటనో కనిపిస్తే దాన్ని మురికి అనుకుని కడిగెయ్యకండి. అలాంటి అక్షరాలు ఒక వీధికి ఎంత అందమో, పైగా అక్కడ ఏం వ్యాపారం జరిగిందో చెప్పే సాక్ష్యం అది. ఏది తీసినా ముందు ఫొటో తీసి ఉంచండి.

ఇప్పుడు ఆ పెద్దాయన దగ్గరికి వద్దాం, మీకు నొప్పి కలిగిన చోటు అదే కదా. ఆయన అన్నమాట కటువుగానే ఉంది, అందరి ముందు అనకుండా ఉండాల్సింది. కానీ ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. ఆయన ఆ గోడల మధ్య పుట్టి పెరిగారు అనుకుందాం, ఇన్నేళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదు, ఒకరోజు పాతికమంది కుర్రాళ్ళు ఒకే రకం టీషర్టులేసుకుని వచ్చి ఇదంతా బాగాలేదు, బాగుచేస్తాం అంటే, ఆ బాగాలేనిదాంట్లో తనూ ఒకడినని ఆయనకి అనిపించదా. "మీరెవరు" అనేది నిజానికి మంచి ప్రశ్న. దానికి జవాబు వాదించి చెప్పలేం, వెళ్ళి కూర్చుని అడగాలి. ఈ వీధిలో మీకు ఏది ఇష్టం, ఏది పోయినందుకు బాధపడ్డారు, ఏది అస్సలు ముట్టుకోవద్దంటారు, ఈ మూడు అడగండి చాలు. పాత ఫొటోలేమన్నా ఉన్నాయా అని అడగండి, తీసుకెళ్ళకండి, అక్కడే ఫోన్‌తో ఫొటో తీసుకుని ఇచ్చేయండి. మీరు రంగెయ్యాలనుకున్న గోడ వెనకాల ఒక కథ ఉండొచ్చు, మీకు చెత్తమూలగా కనిపించేది వాళ్ళకి దీపం లేని మూల కావచ్చు, ఒక్క వీధిలైటు వెలిగితే చెత్త దానంతటదే తగ్గొచ్చు, అది మీకు బయట్నుంచి తెలీదు.

జపాన్‌లో నాగానో ప్రాంతంలో త్సుమాగో అని చిన్న ఊరుంది, పాత బాటసారుల మజిలీ. 1960ల నాటికి జనం వెళ్ళిపోయి పాడుబడిపోతున్న స్థితి. 1968లో ఊరివాళ్ళే ఒక సంఘం పెట్టుకున్నారు, 1971లో అందరూ కలిసి మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు, ఇళ్ళని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు. నడివీధిలో కరెంటు తీగలు కనపడకుండా చేసుకున్నారు, పగటిపూట కార్లు రానివ్వరు. మీ పేటకి ఆ రూల్సే పెట్టమని కాదు, అద్దెకివ్వకూడదంటే మీరే అక్కడ ఉండరు. నేను చెప్పేది వేరే, అది ఇన్నేళ్ళు నిలబడిందంటే ఆ మాట ఇచ్చింది అక్కడుండేవాళ్ళు కాబట్టి, బయటవాళ్ళు రాసిచ్చింది కాదు కాబట్టి. మీ గ్రూపులో ఇప్పుడున్నవాళ్ళలో ఆ వీధిలో పదేళ్ళకి మించి ఉన్నవాళ్ళు ఎంతమంది? లెక్కేసి చూడండి. తక్కువుంటే, కొత్త వలంటీర్ల కోసం వెతికేముందు వాళ్ళ తలుపులు తట్టండి.

పాతికమంది ఆరుగురయ్యారని బెంగపడొద్దు. ఎక్కడైనా అంతే. పాతికమందికి సరిపడా పని మీ దగ్గర లేకపోయుండొచ్చు కూడా, వచ్చి అరగంట చీపురు కోసం ఎదురుచూసి వెళ్ళినవాడు మళ్ళీ రాడు. ఆరుగురు నెలనెలా తప్పకుండా వస్తే ఒక వీధికి అది పెద్ద బలం. ప్రతి ఆదివారం కాకుండా నెలకి ఒక్కసారి, గంటన్నర, అదే టైము అదే చోటు అని పెట్టండి, ఎవరికి ఏ పనో ముందురోజే మెసేజ్ పెట్టండి. మురికి పని చెయ్యలేనివాళ్ళు ఉంటారు, వయసైనవాళ్ళు ఉంటారు, వాళ్ళకి వేరే పనులున్నాయి, ఒకరు ఫొటోలు ఇంటి నంబర్ల ప్రకారం సర్దొచ్చు, ఒకరు వెలగని లైట్లు పగిలిన మ్యాన్‌హోల్ మూతలు లిస్టు చేసి మున్సిపల్ ఆఫీసుకి ఫిర్యాదు పెట్టి అది తేలేదాకా వెంటపడొచ్చు, ఒకరు పెద్దవాళ్ళ మాటలు రికార్డు చెయ్యొచ్చు వాళ్ళు సరేనంటే. వెంటపడే మనిషి ఒక్కడు దొరికితే చీపుర్లు పట్టే పదిమందితో సమానం అని నా నమ్మకం.

పర్మిషన్ల గురించి క్లుప్తంగా చెప్తాను. ఎవరి గోడ అయినా వాళ్ళ సంతకం ఉన్న కాగితం లేకుండా ముట్టుకోవద్దు, అద్దెకున్నవాళ్ళు సరేనంటే సరిపోదు, ఓనర్ ఒప్పుకోవాలి. ఆ పేట రక్షిత ప్రాంతంగా నోటిఫై అయిందేమో మున్సిపాలిటీలో కనుక్కోండి, అయితే గోడ రంగు మార్చడానికి కూడా అనుమతి కావాల్సి రావచ్చు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, అయినా చెప్తాను, ఎందుకంటే ఇది తర్వాత తెలిస్తే మీరే ఎక్కువ బాధపడతారు. వీధి అందంగా అయితే అద్దెలు పెరుగుతాయి, అద్దెలు పెరిగితే ముందు ఖాళీ చేసేది ఎన్నేళ్ళుగానో అక్కడ ఉన్న పేదవాళ్ళు, చిన్న పనులు చేసుకునేవాళ్ళు. ఆ పెద్దాయన భయం కూడా అదే కావచ్చు. ఇటలీలో బొలోన్యా నగరం 1970లలో పాత పేటలని బాగుచేసినప్పుడు ఇళ్ళతోపాటు అందులో ఉండే మనుషుల్ని కూడా కాపాడాలన్నది ప్లాన్‌లోనే పెట్టుకుంది. అమెరికాలో సవానా అనే నగరం కథ ఇంకోరకం, 1954లో అక్కడి పాత మార్కెట్‌ని కార్ల పార్కింగ్ కోసం కూలగొట్టారు, మరుసటేడు ఇంకో పాత ఇల్లు కూల్చబోతుంటే ఏడుగురు ఆడవాళ్ళు డబ్బు పోగేసి ఆ ఇల్లు కొనేసి సంఘం పెట్టారు, తర్వాత ఆ సంఘం పాత ఇళ్ళు కొని, బాగుచేస్తామని ఒప్పుకున్నవాళ్ళకి అమ్మి, ఆ డబ్బుతో ఇంకోటి కొని, అలా ఎన్నో ఇళ్ళని నిలబెట్టింది. ఆ పార్కింగ్ కట్టడాన్ని చివరికి తీసేశారు, 2010లో ఆ చోటు మళ్ళీ జనం తిరిగే చౌరస్తాగా తెరుచుకుంది. ఏడుగురు, మీకన్నా ఒక్కరే ఎక్కువ. కానీ ఇళ్ళు నిలబడ్డంత మాత్రాన పాత అద్దెదారులు నిలబడతారని కాదు, రెండూ వేరువేరు పనులు. మీరు పాలసీలు మార్చలేకపోవచ్చు, మీ పని వల్ల ఎవరికి లాభం ఎవరికి కష్టం అన్నది మాత్రం ప్రతి మీటింగులో ఒకసారి మాట్లాడుకోండి. అద్దెకున్నవాళ్ళు కూడా ఆ మీటింగులో ఉండాలి.

చివరగా మీ బొమ్మల సంగతి. పాత ఇటుక, రాతి గోడల మీద మాత్రం వద్దు, వేశాక తీయడం దాదాపు జరగని పని. ఆ వీధిలో ఈమధ్య కట్టిన సిమెంటు ప్రహరీ ఏదో ఒకటి ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ గోడో, ఖాళీ స్థలం గోడో, అలాంటిది చూసుకోండి, లేకపోతే విడి పలకల మీద గీసి ఫ్రేములో నిలబెట్టండి, రేపు మనసు మారితే తీసెయ్యొచ్చు. ఏం గియ్యాలో ఇప్పుడే నిర్ణయించకండి, ఆ పెద్దాయన లాంటివాళ్ళ దగ్గర పాత ఫొటోలు పోగయ్యాక ఏం గియ్యాలో మీకే తోస్తుంది. ముందు మాత్రం గట్టి వాన పడిన రోజు ఆ నడక నడవండి. ఏం కనిపించిందో రాయండి, గోడ మీద తెల్లగా ఉప్పు తేలిన చోట్లుంటే ఫొటో కూడా పెట్టండి, దాన్నిబట్టి తర్వాత ఏం చెయ్యాలో ఇంకాస్త వివరంగా చెప్తాను.